గుంట దిగువ చేను

ఆ ఏడు మిరప నారుమళ్ళు పచ్చబడుతుండగా నాకు ఉద్యోగం వచ్చింది. అది 2008. చీరాలలో బీయస్సీ చదివి అప్పటికి రెండేళ్ళు ఇంట్లోనే కూర్చున్నాను. మా బాబాయి పానకాలు తన నాలుగెకరాల చేను గ్యాస్ కంపెనీకి కౌలుకిచ్చాడు. ఎండాకాలం నుంచీ అందులో ఇనప టవరు ఒకటి లేచి భూమిని తొలుస్తోంది. చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు పట్టి, పరీక్షించి, పుస్తకంలో రాసే మనిషి వాళ్ళకి కావాల్సొచ్చింది. ఊళ్ళో కెమిస్ట్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే.

"మా సాయిలక్ష్మి ఉంది కదండీ" అని బాబాయే చెప్పాడట.

మా నాన్న బుల్లయ్య ఆ మాట విని రెండు రోజులు ఔననీ కాదనీ అనలేదు. మూడోరోజు పర్చూరు వెళ్ళి తన సైకిలుకి కొత్త బ్రేకులు వేయించుకొచ్చి గోడకి ఆనించాడు.

"మగాళ్ళ సైకిలే అనుకో. చేలగట్ల మీద ఇదే నయం" అన్నాడు నాతో.

మా వైపు అంతా నల్లరేగడి. ఎక్కడ బోరు దించినా ఉప్పునీళ్ళే. మా చేలో బావి ఒక్కటే వేరు. ఎప్పుడో వాగు పారిన ఇసకమేట మీద పడిందని పెద్దవాళ్ళు అనేవారు. నలభై అడుగుల లోతు. మా మూడెకరాల మిరపకీ, మా ఇంటికీ, కాలనీలో నలభై గడపలకీ అవే మంచినీళ్ళు. తెల్లారేసరికి చెంచమ్మా వాళ్ళు బిందెలతో గట్టెక్కి వచ్చేవాళ్ళు. చెంచమ్మ మా చేలో కలుపుకీ కోతకీ వచ్చే మనిషి. నేను పుట్టకముందు నుంచీ వస్తోంది. బాబాయి చేను మెరక, మాది దాని దిగువ. రెంటికీ మధ్య ఒక బోదె కాలువ, అంతే.

మొదటిరోజు మా బావి నీళ్ళలో మీటరు ముంచితే తొమ్మిది వందలు చూపించింది. నీళ్ళల్లో ఉప్పు ఎక్కువయ్యేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ఊళ్ళో మిగతా బోర్లన్నీ మూడు వేలు, నాలుగు వేలు చూపించాయి. ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆ సంగతి చెబితే నాన్న నవ్వాడు.

"దానికి మీటరెందుకు? నాలిక చాలు" అన్నాడు.

దసరా ముందు బడి ఆవరణలో షామియానా వేసి మీటింగు పెట్టారు. కంపెనీ తరఫున చైతన్యకృష్ణ అనే ఇంజనీరు మాట్లాడాడు. బెజవాడ మనిషి, ముప్పై దాటి ఉంటాయి. నా పైఅధికారి ఆయనే. బడిలో నల్లబల్ల బయటికి తెప్పించి సుద్దముక్కతో గీతలు గీశాడు.

"కింద మూడు వేల మీటర్ల లోతులో పలకలు పలకలుగా నల్లరాయి ఉందండి. షేల్ అంటాం. గ్యాసు ఆ రాయిలోనే ఇరుక్కుని ఉంది. ఊరికే తొలిస్తే రాదు. నీళ్ళూ ఇసకా కలిపి బాగా ఒత్తిడితో కొట్టాలి. రాయి సన్నగా నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లో ఇసక నిలబడి మళ్ళీ మూసుకుపోకుండా చూస్తుంది. గ్యాసు ఆ దారిన వస్తుంది."

"ఆ నెర్రె మా బావిదాకా వస్తేనో?" ఎవరో అడిగారు.

"రాదండి. మీ బావి నలభై అడుగులు. ఇది పదివేల అడుగులు. మధ్యలో ఉన్న రాయిని దాటుకుని పైకి రావడం జరిగే పని కాదు."

ఆయన చెప్పింది నిజమేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

వెనక వరసలోంచి నాన్న లేచాడు. "కిందకి కొట్టిన నీళ్ళు కిందే ఉంటయ్యా అండీ?"

"లేదండి, కొన్ని వెనక్కొస్తాయి. ఆ వచ్చే నీళ్ళల్లో లోపలి ఉప్పు ఉంటుంది, మేం కలిపిన మందులుంటాయి. మందమైన నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి గుంట కడతాం. అందులో పట్టి, ట్యాంకర్లకెత్తి పంపించేస్తాం."

"మరి వాన పడితే?"

ముందు వరసలో నవ్వులు. "బుల్లయ్యకి ఎప్పుడూ మబ్బు గోలే" అన్నారెవరో. ఇంజనీరు మాత్రం నవ్వలేదు.

"మంచి మాట అడిగారండి. గుంటలో పైన ఎప్పుడూ ఒక మీటరు ఖాళీ వదులుతాం. అది రోజూ కొలిచి రాసే పని మీ అమ్మాయిదే."

అందరూ నావైపు తిరిగారు. నాన్న పంచె సర్దుకుని, పక్కనున్న మనిషి మొహం ఒకసారి చూసి, కూర్చున్నాడు.

దీపావళి వెళ్ళిన వారానికి పంపు లారీలు వచ్చాయి. అంతకు ముందు పది రోజులపాటు కొమ్మమూరు కాలువ నుంచి ట్యాంకర్లు నీళ్ళు తోలుతూనే ఉన్నాయి. మందులున్న నీలం పీపాలు ఒక వరసగా పేర్చారు. ఆ పొద్దున లారీలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. నాలుగు గంటలపాటు ఎవరేం మాట్లాడినా పెదాలు కదలడమే కనపడింది. ఇంట్లో అల్మరాలో గిన్నెలు సన్నగా మోగాయని అమ్మ తర్వాత చెప్పింది. భూమి కదల్లేదు. నెర్రెలు పడలేదు. మా బావి నీళ్ళు తొమ్మిది వందల దగ్గరే ఉన్నాయి. ఆ వారం రోజూ పట్టాను, రోజూ అంతే.

పైకొచ్చిన గ్యాసుకి గొట్టం చివర మంట వెలిగించినప్పుడు ఊరంతా చూడ్డానికొచ్చింది. పట్టపగలు కావడంతో మంట సరిగా కనపడలేదు. దానిపైన గాలి వణకడం కనపడింది. బాబాయి చేతులు కట్టుకుని, తన పొలంలో పండిన పంటని చూసుకుంటున్నట్టు చూశాడు. రెండోరోజుకి మంట చిన్నదైంది. మళ్ళీ కొట్టాలన్నారు. రెండోసారి కొట్టారు.

గుంటలోకి వచ్చిన నీళ్ళు బూడిదరంగులో ఉండేవి. గట్టు వెంట నురుగు చేరేది. కిరసనాయిలూ సబ్బూ కలిసినట్టు వాసన. నేను రోజూ గీతలు పెట్టిన కర్ర దించి ఖాళీ ఎంతుందో రాసేదాన్ని. మొదటిసారి కొట్టాక నూట అరవై సెంటీమీటర్లు. రెండోసారి కొట్టిన మూడోరోజుకి డెబ్భై. తర్వాత యాభై. ముప్పై రెండు.

"సార్, మీటరు ఖాళీ లేదు" అన్నాను.

"తెలుసండి. ట్యాంకర్లు రేపొస్తాయి."

ఆ నీళ్ళు దింపుకునే చోట వాళ్ళు ఇక చోటు లేదన్నారట. ఆయన నా ఎదురుగానే ఫోనులో మూడుసార్లు అరిచాడు. అంకె పెంచి రాయమనలేదు. ముప్పై రెండని రాస్తే చూసి పక్కన పొట్టి సంతకం పెట్టాడు. మర్నాడూ "రేపొస్తాయి" అన్నాడు. ఆ మర్నాడూ అదే అన్నాడు.

కార్తీకం చివర్లో వాయుగుండం పట్టింది. మిరప నిండుపూత మీద ఉంది.

మూడురోజులు తెరిపి లేదు. మూడోరోజు పొద్దున నాన్నా నేనూ చేనికి వెళ్ళేసరికి గుంటకి దిగువ మూల నల్ల షీటు చిరిగి, జెండాలాగా నీళ్ళమీద కొట్టుకుంటోంది. మట్టిగట్టు అక్కడ కరిగిపోయింది. బూడిదరంగు నీళ్ళు బోదెలోకి దిగుతున్నాయి. బోదె నిండి మా చేలోకి మళ్ళింది. సాళ్ళ వెంట ఎక్కడికక్కడ తెల్లటి నురుగు ముద్దలు నిలిచాయి. ఇంజనీరు మోకాళ్ళ లోతులో దిగి ఇసకబస్తాలు మోస్తున్నాడు. నాన్న ఏమీ అడగలేదు. పంచె ఎగ్గట్టి, ఆయన పక్కన దిగాడు.

"బుల్లయ్యగారూ, ఇటు, ఇటు!"

"ముందు ఆ పక్కది వెయ్యండి సార్, ఇది ఆగదు!"

ఇద్దరూ మధ్యాహ్నందాకా అలా ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటూ గండి పూడ్చారు. అప్పటికి వెళ్ళాల్సినంత వెళ్ళిపోయింది. బావి గట్టు దాటి నీళ్ళు లోపలికి దిగిన ఆనవాలు స్పష్టంగా ఉంది. గచ్చు మీద నురుగు గీత.

వాన వెలిసిన మర్నాడు చెంచమ్మ స్టీలు బిందె ఎత్తుకుని మా వాకిట్లోకొచ్చింది.

"అయ్యా, నీళ్ళు నురుగొస్తన్నయి."

"వానకి మట్టి కలిసిందేమోలే చెంచమ్మా" అంది మా అమ్మ కోటిరత్నం వంటింట్లోంచి.

"మట్టయితే అడుక్కి పోద్దిగదమ్మా. ఇది పైకొస్తంది. రాత్రి వండిన అన్నం పిల్ల నోట్లో పెట్టుకుని ఊసేసింది." తర్వాత నావైపు తిరిగింది. "సాయమ్మా, నువ్వు చదూకున్నదానివి. ఏందో చూడు."

ఆమెతో పాటే బావి దగ్గరికి వెళ్ళాను. చేదతో తోడాను. సీసాని ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, బుడగ లేకుండా నింపి, మూత బిగించాను. తొమ్మిదీ ఇరవై అని రాసుకున్నాను. మిగిలిన నీళ్ళల్లో మీటరు ముంచాను. ఆరువేల నాలుగు వందలు.

"ఏమొచ్చింది?" అంది చెంచమ్మ.

"సార్‌ని అడిగి చెప్తాను."

"తాగొచ్చా, తాగకూడదా?"

"చెప్తానన్నాగా."

ఆమె బిందె వంక చూసి, పారబొయ్యకుండా నెత్తికెత్తుకుని వెళ్ళింది. ఊళ్ళో మరో చోట మంచినీళ్ళు లేవు.

ఇంజనీరు రేకుల గదిలో తడిబట్టలతోనే ఉన్నాడు. మూడురోజులుగా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి. అంకె చూశాడు.

"పంపు ఎంతసేపు నడిపి పట్టారు?"

"కరెంటు లేదు సార్. చేదతో తోడాను."

"నిలవున్న నీళ్ళు తోడేసి, కొత్తగా ఊరినవి కదండీ పట్టాలి. పద్ధతి అది."

"ఔను సార్."

"అయితే ఇది లెక్కలోకి రాదు, సాయిలక్ష్మిగారూ."

ఆ పద్ధతి బోర్లకి రాసింది. కాలనీవాళ్ళు చేదతో తోడుకుని తాగేది నిలవున్న నీళ్ళే. ఆ మాట నాకు అప్పుడే తట్టింది. నోటిదాకా కూడా వచ్చింది.

"నేను అబద్ధం రాయమనట్లేదు" అన్నాడు ఆయన. "కొట్టెయ్యద్దు. అంకె అలాగే ఉండనివ్వండి. పక్కన కారణం రాయండి. రెండురోజులు డీజిలింజను పెట్టి తోడించి మళ్ళీ పట్టండి."

వారం ముందు ఆయనే చెప్పాడు, కంపెనీ రాజమండ్రి లాబులో పర్మనెంటు ఉద్యోగానికి నా పేరు పంపానని. ఆ పూట ఆ ఊసెత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేదు.

ఆరువేల నాలుగు వందల పక్కన, నిలవ నీళ్ళు తోడెయ్యకుండా పట్టినందువల్ల ఈ శాంపిల్ తిరస్కరించడమైనదని ఇంగ్లీషులో రాశాను. పెన్ను సరిగా పడకపోతే విదిలించి కింద సంతకం పెట్టాను. రెండురోజులు ఇంజను నడిచాక మళ్ళీ పడితే రెండువేల ఏడువందలొచ్చింది. అదీ రాసి, సంతకం పెట్టాను. చెంచమ్మకి చెప్తానన్నది చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ రెండురోజుల్లో ఆమె మనవరాలికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని పర్చూరు ఆసుపత్రిలో చేర్చారని తర్వాత తెలిసింది. వానలకి అందరికీ అలాగే ఉందన్నారు. చుట్టుపక్కల ఊళ్ళల్లో నిజంగానే చాలామందికి ఉంది. పిల్ల నాలుగురోజులకి లేచి తిరిగింది. దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

మిరప పదిరోజుల్లో తేలిపోయింది. ముందు బోదె పక్కసాళ్ళలో ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. తర్వాత పూత రాలింది. ఎకరన్నర అలా పోయింది. అమ్మ ఒకరోజు రాలిన పూత కొంగులో తెచ్చి వాకిట్లో పోసి, దానివైపు చూస్తూ మెట్టుమీద కూర్చుంది. కాసేపటికి తనే లేచి ఊడ్చేసింది.

బాబాయి ఇంటికొచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"అన్నయ్యా, వాయుగుండానికి జిల్లా అంతా మిరప పోయింది. నీదొక్కదే పోయినట్టు ఊళ్ళో చెప్పుకోమాక."

"జిల్లా అంతా కుళ్ళింది పానకాలూ. నాది మాడింది."

"వాళ్ళ మీద అర్జీ పెడితే నా చేను మీద పెట్టినట్టే."

"నీ చేను కాదురా. గుంట."

బాబాయి నావైపు చూశాడు, నేనేదో ఒకటి అంటానని. నేను పళ్ళెంలో చేయి కడుక్కున్నాను. ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

నాన్న డిసెంబరులో ఒంగోలు వెళ్ళి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చొచ్చాడు. బావి నీళ్ళు అప్పటికి ఎవరూ తాగడం లేదు. అమ్మా, కాలనీవాళ్ళూ కిలోమీటరున్నర నడిచి పక్క ఊరి ట్యాంకు దగ్గర పట్టుకొస్తున్నారు. అమ్మ ఎప్పుడూ నెత్తిన బిందె పెట్టుకుని ఊరి మధ్యగా నడిచిన మనిషి కాదు. అది కూడా అలవాటైపోయింది.

జనవరిలో ఒక సోమవారం రమ్మని కబురొచ్చింది.

"నువ్వూ రామ్మా. కాగితాలు ఇంగ్లీషులో ఉంటయ్యి, చదివిపెడుదువు" అన్నాడు నాన్న.

డ్యూటీ ఉందనొచ్చు. సెలవు పెట్టి వెళ్ళాను.

హాలు నిండా జనం. మా వంతు వచ్చేసరికి పన్నెండయింది. బల్ల వెనక ఒక అధికారి, పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఫైలు చూస్తోంది. నాన్నని కూర్చోమంది. రిపోర్టు జిరాక్సు కాపీ ఇచ్చింది.

"కంపెనీ నుంచి మీ బావి రిపోర్టు తెప్పించామండి. మీ ప్రాంతంలో ఉప్పు మామూలుగా ఎంతుంటుందో అంతే ఉందని తేల్చారు."

"మా ప్రాంతంలో ఉప్పేనండి. మా బావిలో కాదు. అందుకే కాలనీ అంతా అక్కడికొచ్చేది" అన్నాడు నాన్న. కాగితం నాకిచ్చాడు. "చదువమ్మా."

చదివాను. ఆగస్టులో తొమ్మిది వందలు. వాన తర్వాత ఆరువేల నాలుగు వందలు, తిరస్కరించడమైనది. రెండురోజుల తర్వాత రెండువేల ఏడువందలు. ఇది ఈ ప్రాంతపు సగటుకు లోబడే ఉన్నది. నా గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో పాఠం చదివినట్టు చదివాను.

"ఆ ఆరువేల చిల్లర ఎందుకు కొట్టేశారంట?" నాన్న అడిగాడు.

"నిలవ నీళ్ళు తోడెయ్యకుండా పట్టారని."

"ఎవరు కొట్టేసింది?"

నేను కాగితం బల్లమీద పెట్టాను. ఆవిడ ముందుకి వంగి కాగితం మీద వేలు పెట్టింది. "ఇక్కడ సంతకం ఉందండి. సాయిలక్ష్మి, ఫీల్డ్ అసిస్టెంట్. ఆ అమ్మాయిని పిలిపిస్తే..."

"మా అమ్మాయేనండి" అన్నాడు నాన్న.

బస్సులో పక్కసీటు వాళ్ళు అడిగితే చెప్పినట్టే చెప్పాడు. ఆవిడ నన్ను చూసింది, నాన్నని చూసింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఇంకేమైనా చెప్పుకుంటారా అని అడిగింది. లేదండి అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, దణ్ణం పెట్టి లేచాడు.

బస్సులో నాకు కిటికీ పక్క చోటిచ్చాడు. ఇంకొల్లులో ఆగితే దిగి రెండు జామకాయలు తెచ్చి ఒకటి నాకిచ్చాడు. తిన్నాను. పచ్చికాయ. గింజలు పళ్ళ మధ్య ఇరుక్కున్నాయి. బస్సు కదిలిన కాసేపటికి, ముందు సీటు వెనక ఇనప కడ్డీ పట్టుకుని, రోడ్డు వంక చూస్తూ అడిగాడు.

"నువ్వు మొదట పట్టినప్పుడు పక్కన చెంచమ్మ ఉందా?"

"ఉంది."

"అడిగిందా, ఏమొచ్చిందని?"

"అడిగింది."



"చేను సంగతి అటుంచు. అప్పుడే చెప్పుంటే ఆ రెండురోజులు వాళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు కదమ్మా."

అంతకు మించి ఆయన ఏమీ అనలేదు. అప్పుడే కాదు, తర్వాత కూడా. ఇంటికెళ్ళాక కాళ్ళు కడుక్కుని మజ్జిగన్నం పెట్టమన్నాడు. ఒంగోలులో ఏమైందని అమ్మ అడిగింది. "మళ్ళీ చూస్తారంట" అన్నాడు. నా పేరు చెప్పలేదు. అమ్మకి ఇప్పటికీ తెలియదు.

ఫిబ్రవరిలో కంపెనీ వెళ్ళిపోయింది. రెండుసార్లు కొట్టినా చాలినంత గ్యాసు రాలేదట. తొలిచిన బొక్కలో సిమెంటు పోసి మూసి, పైన ఇనప పలక బిగించారు. గుంట అడుగున మిగిలిన బురద లారీల్లో ఎత్తుకెళ్ళి, మట్టితో పూడ్చి చదును చేశారు. ఇంజనీరు వెళ్ళేముందు మా ఇంటికొచ్చాడు. నాన్న కుర్చీ వేశాడు. అమ్మ టీ ఇచ్చింది, పక్క ఊరి నీళ్ళతో పెట్టింది. ఆయన కప్పు ఖాళీ చేసేదాకా కూర్చుని, "బావిని వాడకండి. నాలుగైదు వానాకాలాలు పోతే కడుక్కుపోవచ్చు. ఇది నేను రాసివ్వలేనండి" అన్నాడు.

"చెప్పారు, చాలు" అన్నాడు నాన్న.

రాజమండ్రి నుంచి నాకు కవరొచ్చింది. పోస్టుమేన్ దగ్గర నాన్నే తీసుకుని నా పుస్తకాల మీద పెట్టి వెళ్ళాడు. చేరాల్సిన తేదీ దాకా అది అక్కడే ఉంది. నేను వెళ్ళలేదు. వెళ్ళకపోవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఇప్పుడు చీరాలలో జూనియర్ కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. శాంపిల్ పట్టడం ఎలాగో చెప్పాల్సిన పాఠం ఒకటి ఉంది. ఏటా చెబుతాను. పిల్లలు రాసుకుంటారు.

ఆ ఎకరన్నరలో నాన్న ఆ ఏడు మళ్ళీ ఏమీ వెయ్యలేదు. అవతలి వైపు మిగిలిన తోటలో మార్చి నెలలో ఆఖరి కోత కోశారు. చెంచమ్మతో కలిపి ఆరుగురు కూలీలు వచ్చారు. నేను మధ్యాహ్నం అన్నం క్యారియరు తీసుకెళ్ళాను. నాన్న బావి గట్టున కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు కొత్త సీసాలు.

"బాపట్లలో నీళ్ళు చూసే లాబుంది. మనం పట్టుకెళ్ళినా చూస్తారంట. కాకపోతే పద్ధతి ప్రకారం పట్టుండాలంట" అన్నాడు. "ఆ పద్ధతేదో నాకూ చూపించమ్మా."

మాటలో ఏ తేడా లేదు. నేను క్యారియరు కిందపెట్టి చూపించాను. ఇంజను ఎంతసేపు నడపాలో చెప్పాను. సీసాని అవే నీళ్ళతో మూడుసార్లు కడగాలన్నాను. నోటి అంచు చేత్తో ముట్టుకోకూడదన్నాను. అంచుదాకా నింపి, బుడగ లేకుండా మూత బిగించాలన్నాను. ఆయన ఒక్కొక్కటీ తిరిగి నాకే అప్పజెప్పి, అలాగే చేశాడు. రెండో సీసా గురించి ఆయనే అడిగాడు.

"ఇంజను నడపకుండా చేదతో పట్టింది కూడా ఒకటి పంపిస్తే ఏం?"

"పంపొచ్చు. దేనికదే రాసి పంపాలి."

"ఔను. దేనికదే."

సీసాకి అతికించే చీటీ మీద ఏమేం రాయాలో చెప్పాను. తేదీ, వేళ, ఎక్కడ పట్టింది, ఎలా పట్టింది. తొడమీద పెట్టుకుని, తెలుగులో, అక్షరానికక్షరం ఒత్తి రాశాడు. పట్టినవారు అన్న చోట తన పేరు రాసి సంతకం పెట్టాడు.

"ఇంకా ఏమన్నా ఉందా?"

"సాక్షి సంతకం" అన్నాను.

పెన్ను నాకిస్తాడని చెయ్యి చాపాను. ఆయన నా చేతిలో సీసా పెట్టాడు. తోటవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"చెంచమ్మా! ఒకసారి ఇట్రా."

ఆమె ఒళ్ళోని కాయలు పట్టా మీద పోసి వచ్చింది. ఏమిటని అడగలేదు. చేతుల కారం కొంగుకి తుడుచుకుంది. నాన్న ఆమెకి అంతా చదివి వినిపించాడు, తేదీ దగ్గర్నుంచీ. ఆమె గట్టు మీద చతికిలబడి, పెన్ను గట్టిగా పట్టుకుని, రాత్రిబడిలో నేర్చుకున్న మూడక్షరాలు నిదానంగా రాసింది. అవి రాయడం పూర్తయ్యేదాకా నేను సీసా పట్టుకుని నిలబడ్డాను.